వెనకనుంచి వినిపించే నవ్వు

1996 ఫిబ్రవరిలో అమెరికాలో ప్రసారమైన 'ఫ్రెండ్స్' ఎపిసోడ్ ఒకదానిలో మోనికా తండ్రి పుట్టినరోజు విందు ఉంటుంది. ఆయన స్నేహితుడు రిచర్డ్ కూడా వస్తాడు. కళ్ళ డాక్టరు, భార్యతో విడిపోయినవాడు, అప్పటికే తాత అయినవాడు. ఊళ్ళో ఎవరో చిన్నపిల్లని పట్టాడట అని మోనికా తండ్రి అతన్ని ఆటపట్టిస్తాడు. ఆ మాటలో ఈర్ష్య ఉంది, మెచ్చుకోలు ఉంది, వయసు మళ్ళుతున్న మగవాడు తోటి మగవాడి భుజం చరచడం ఉంది. ఆ 'చిన్నపిల్ల' తన కూతురే అని ఆయనకి తెలియదు. చూస్తున్న మనకి తెలుసు. అందుకే నవ్వొస్తుంది.

ఇంకొకరి కూతురు అయినంతసేపూ అది హాస్యం. తన కూతురని తెలిసిన క్షణంలో ఆ తండ్రి ముఖం మారిపోతుంది. రిచర్డ్ మారలేదు, అమ్మాయి మారలేదు, వాళ్ళ మధ్య ఇరవై ఒక్క ఏళ్ళ తేడా మారలేదు. మారింది ఆ అమ్మాయి ఎవరికి ఏమవుతుంది అన్నది ఒక్కటే. ఆ రచయితలు ఎంత ఆలోచించి రాశారో చెప్పలేను గానీ, ఈ విషయం మీద సిట్‌కామ్‌లు చెప్పిన నిజాల్లో ఇది చాలా నిక్కమైనది. చెప్పిన వెంటనే నవ్వుతో కప్పేశారు కూడా.

ఎప్పుడో అయిపోయిన అమెరికన్ హాస్య ధారావాహికల గురించి ఇప్పుడు ఎందుకు అని అడిగేవాళ్ళుంటారు. 'ఫ్రెండ్స్' 2004 మేలో ముగిసింది. కానీ నా దగ్గర చదువుకునే ఆడపిల్లలకి అది ముగియలేదు. వాళ్ళ అక్కలు స్టార్ వరల్డ్‌లో చూశారు, తర్వాత డీవీడీల్లో, పెన్‌డ్రైవుల్లో చూశారు, వీళ్ళు ఫోనులో చూస్తున్నారు. ఇంగ్లీషు అంత చక్కగా మాట్లాడటం ఎక్కడ నేర్చుకున్నావమ్మా అంటే సిగ్గుపడుతూ ఈ పేరే చెప్తారు. ఒక భాష నేర్పిన బొమ్మ, ఆ భాషలో ప్రేమించడం ఎలాగో కూడా నేర్పుతుంది. ఎప్పుడు నవ్వాలో కూడా.

ఒకసారి క్లాసులో వీళ్ళతో ఈ మాటలు నడిచాయి. రిచర్డ్ అంటే అందరికీ ఇష్టమే. రాస్ తన విద్యార్థిని ఎలిజబెత్‌తో తిరగడం మాత్రం ఎవరికీ నచ్చలేదు. చూస్తుంటే ఒళ్ళు జలదరిస్తుంది మేడమ్ అంది ఒకమ్మాయి. ఎందుకు అని అడిగితే వయసు తేడా అన్నారు. తేడా రిచర్డ్ దగ్గర కదా ఎక్కువ, రాస్ దగ్గర అందులో సగానికి అటూ ఇటూ కదా అంటే అందరూ ఆగిపోయారు. లెక్కకీ, కడుపులో తిప్పినట్టుండే ఆ ఇబ్బందికీ పొత్తు కుదరలేదు. ఇబ్బంది నిజమైనదే. దానికి మనం పెట్టుకున్న పేరు మాత్రం సరైనది కాదేమో అని నాకు అప్పుడు అనిపించింది. అప్పటినుంచీ ఈ పాత ఎపిసోడ్లు మళ్ళీ మళ్ళీ చూస్తున్నాను. (ఉద్యోగంలో ఉండి సీరియళ్ళు చూడటానికి ఇంతకంటే గౌరవమైన సాకు దొరకదు.)

ముందు ఆ నవ్వు సంగతి. 1950లలో సీబీఎస్‌లో పనిచేసిన చార్లెస్ డగ్లస్ అనే సౌండ్ ఇంజనీరు, రికార్డు చేసిన నవ్వుల్ని మీటలు నొక్కి వినిపించే పెట్టె ఒకటి తయారు చేశాడు. చిరునవ్వు కావాలంటే ఒక మీట, పగలబడి నవ్వడం కావాలంటే ఇంకొకటి. చాలా ఏళ్ళు అమెరికా టీవీ హాస్యమంతా ఆ పెట్టె మీద నడిచింది. తర్వాత వచ్చిన 'ఛీర్స్', 'గోల్డెన్ గర్ల్స్', 'ఫ్రెండ్స్' వంటివి నిజమైన ప్రేక్షకుల్ని స్టూడియోలో కూర్చోబెట్టి తీసినవి. పెట్టెలోదైనా, మనుషులదైనా, ఇంట్లో చూసేవారికి అది చేసే పని ఒకటే. నేను ఏమనుకోవాలో తేల్చుకునే లోపే వందమంది తేల్చేసి ఉంటారు. తెర మీద ముద్దు పెట్టుకుంటే వెనకనుంచి 'ఊఊ' అని వినిపిస్తుంది. ఆ శబ్దం ఒక తీర్పు. వాదన వినకుండా ఇచ్చిన తీర్పు.

ఈ నవ్వు విషయాన్ని దాచిపెడుతుందని అనుకుంటాం. నిజానికి దాచదు, ఎత్తి చూపుతుంది. రిచర్డ్ ఇంట్లో ఈతకొలనులో చిన్నప్పుడు తాను చేసిన అల్లరి పనిని మోనికానే గుర్తు చేస్తుంది. అతను తాత అయ్యాడన్న మాటా వస్తుంది. అంటే కథకి ఇబ్బంది తెలుసు. తెలుసునని ముందే చెప్పేస్తే ఇక అడగడానికి ఎవరికీ ఏమీ మిగలదు. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ ముందు మోటు జోకు వేయబోయేవాడు 'తప్పుగా అనుకోకండి' అని మొదలుపెడతాడు చూడండి, అలాంటిదే ఇది. ఒప్పుకోవడమే అనుమతి పత్రం అయిపోతుంది. సంతోషం మీద తను రాసిన పుస్తకంలో, 2010లో, సారా అహ్మద్ ఇలాంటి చోట నవ్వని స్త్రీని గురించి మాట్లాడింది. భోజనాల బల్ల దగ్గర అందరి ఆనందాన్నీ పాడుచేసినదిగా నింద మోసేది ఆమే. సిట్‌కామ్ ముందు కూర్చున్న మనకి ఆ బల్ల సోఫా అయింది, అంతే తేడా.

అయినా మోనికా, రిచర్డ్‌ల కథలో నాకు గౌరవం ఉన్న విషయం ఒకటుంది. 1996 మేలో వాళ్ళు విడిపోతారు. ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు. ఆమెకి పిల్లలు కావాలి. అతను పిల్లల్ని పెంచడం అనే ఘట్టాన్ని ఒకసారి దాటేసినవాడు, మళ్ళీ అక్కడినుంచి మొదలుపెట్టే ఇష్టం లేదు. ప్రేమ ఉంది, కాలం కలవలేదు. వయసు తేడా అంటే నిజంగా ఏమిటో ఆ సన్నివేశంలో ఉంది. ఒకరికి ముందున్నది ఇంకొకరికి వెనక ఉండటం. ఆ ఇద్దరూ సమాన స్థాయిలో నిలబడి మాట్లాడుకోగలిగారు. మోనికాకి వంటలో తన వృత్తి ఉంది, స్నేహితులున్నారు, వదిలి వెళ్ళిపోతే ఆమె కోల్పోయేది అతన్ని మాత్రమే, తన బతుకుని కాదు. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి.

ఆడది పెద్దది అయితే కథ ఎలా నడుస్తుంది? అదే 'ఫ్రెండ్స్' మొదటి సీజన్‌లో, 1995లో, మోనికా ఈథన్ అనే కుర్రాడితో ఉంటుంది. కాలేజీ చివరి సంవత్సరం అని చెప్పినవాడు నిజానికి హైస్కూలు చివరి సంవత్సరం, పదిహేడేళ్ళవాడు. ఆమె కూడా తన వయసు తగ్గించి చెప్పింది. ఇద్దరూ అబద్ధమాడారు. కానీ నిజం తెలియగానే ఆమెకి వెగటు పుడుతుంది, ఇది చాలా రాష్ట్రాల్లో నేరం అని కూడా అంటుంది, కథ ఆ ఎపిసోడ్‌లోనే ముగుస్తుంది. అక్కడ న్యాయం చాలా వేగంగా జరిగింది. ఫీబీ తమ్ముడు ఫ్రాంక్ కథ ఇంకా విచిత్రం. 1997 మార్చిలో వచ్చిన ఎపిసోడ్‌లో అతనికి పద్దెనిమిది, అతను పెళ్ళి చేసుకుంటానన్న ఆలిస్‌కి నలభై నాలుగు. ఆమె అతనికి స్కూల్లో గృహవిజ్ఞానం చెప్పిన టీచరు. ఇరవై ఆరేళ్ళ తేడా, పైగా గురుశిష్య సంబంధం. దీన్ని మొదటినుంచి చివరిదాకా వింత మనుషుల వింత ప్రేమగానే నడిపారు. ఫీబీ ఇబ్బంది పడింది, మాన్పించాలని చూసింది, తమ్ముడి ఏడుపు చూసి తగ్గింది. 1998లో వాళ్ళ ముగ్గురు పిల్లల్ని తన కడుపున మోసి కని ఇచ్చింది. ఒక ప్రశ్న ఎవరూ అడగలేదు: ఇది ఎప్పుడు మొదలైంది? అతను ఇంకా ఆమె క్లాసులో బెంచీ మీద ఉన్నప్పుడా? ఆలిస్ స్థానంలో నలభై నాలుగేళ్ళ మాస్టారు, ఫ్రాంక్ స్థానంలో పద్దెనిమిదేళ్ళ అమ్మాయి ఉంటే ఆ నవ్వు అంత తేలిగ్గా వచ్చేదా? మగపిల్లవాడు కాబట్టి అతనికి ఏ నష్టమూ జరగదు అనుకోవడం కూడా పితృస్వామ్యం మనకి నేర్పిన పాఠమే.

సుసాన్ సాంటాగ్ 1972లో వయసు మీరడంలో ఉన్న రెండు నీతుల గురించి రాసిన వ్యాసం మనలో చాలామంది చదివి ఉంటారు. వయసు మగవాడికి విలువ పెంచుతుంది, ఆడదానికి తగ్గిస్తుంది అన్నది దాని సారం. 1985లో మొదలైన 'గోల్డెన్ గర్ల్స్' ఆ సారాన్ని నలుగురు పెద్దవయసు స్త్రీల మధ్య పెట్టి ఆడించింది. మొదటి సీజన్‌లోనే బ్లాంచ్ తనకంటే చాలా చిన్నవాడైన వ్యాయామ శిక్షకుడితో షికారుకి సిద్ధమవుతుంది. ఒళ్ళు తగ్గించుకోవడానికి తిండి మానేసి, మాత్రలు మింగి నానా అవస్థా పడుతుంది. తీరా అతను, మీరు నాకు మా అమ్మని గుర్తు చేస్తున్నారు అంటాడు. నవ్వొస్తుంది, నాకూ వచ్చింది. కానీ రిచర్డ్‌ని చూసి మోనికా, మీరు మా నాన్నలా ఉన్నారు అని ముఖం తిప్పుకునే దృశ్యాన్ని ఎవరూ రాయలేదు కదా. అదే సీరియల్లో డొరొతీ భర్త ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురం తర్వాత ఒక పడుచు విమాన పరిచారికతో వెళ్ళిపోయినవాడు. ఆ పిల్ల వయసు మీద ఎన్ని జోకులు పడ్డాయో! ఆ జోకులు డొరొతీ నోటినుంచి వచ్చాయి కాబట్టి వాటి రుచి వేరు. పోగొట్టుకున్నది ఆమె. పోగొట్టుకున్నవాళ్ళు నవ్వితే అది కప్పేసే నవ్వు కాదు.

తెలుగు చదివిన వాళ్ళకి ఈ తేడా కొత్త కాదు. వయసు ఎడం మీద మనకున్న గొప్ప హాస్యం 'కన్యాశుల్కం'. 1892లో ఆడింది, 1897లో అచ్చయింది. ముసలి లుబ్ధావధాన్లుకి చిన్నపిల్లనిచ్చి సొమ్ము చేసుకోబోయే తండ్రి, ఆ పెళ్ళి చెడగొట్టడానికి ఆడవేషం వేసుకుని పెళ్ళికూతురై వెళ్ళే శిష్యుడు. గురజాడ కూడా కడుపుబ్బ నవ్విస్తాడు. అయితే పీటల మీద నిజమైన ఆడపిల్లని కూర్చోబెట్టి నవ్వించలేదు, మగపిల్లవాడిని కూర్చోబెట్టాడు. నవ్వంతా డబ్బిచ్చి పిల్లని కొన్న ముసలివాడి మీదికి, అమ్మడానికి సిద్ధపడ్డ తండ్రి మీదికి పోతుంది. ఆ ఇంట్లోనే బుచ్చమ్మ వితంతువై ఉంది, ఆమె దగ్గర నవ్వు ఆగిపోతుంది. హాస్యం ఇబ్బందిని దాచితీరాలన్న నియమమేదీ లేదన్నమాట. నవ్వు ఎవరి ఖర్చు మీద అన్నదే లెక్క. అరవై దాటిన హీరో పక్కన పాతికేళ్ళ పిల్ల గెంతే మన సినిమా పాటల్లో ఆ లెక్క అడిగే అవకాశం కూడా లేదు, అక్కడ వయసు అనే మాటే ఎత్తరు. సిట్‌కామ్ కనీసం ఎత్తుతుంది.

ఇక రాస్, ఎలిజబెత్. 2000 మార్చిలో మొదలై మేలో ముగిసిన కథ. అతను న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో శిలాజాల గురించి పాఠాలు చెప్తున్నాడు, ఆమె అతని క్లాసులో చదివిన డిగ్రీ విద్యార్థిని. కోర్సు అయిపోయింది కదా అన్నది అతని సమాధానం. అది నియమాలకి విరుద్ధమని తెలుస్తుంది. అక్కడినుంచి కథ అంతా ఒకే భయం చుట్టూ తిరుగుతుంది: అతని ఉద్యోగం పోతుందా? ఆ నియమాన్ని ఎవరికోసం పెట్టారు అన్నది ఒక్కసారి కూడా రాదు. కులం ఒప్పుకోని తల్లిదండ్రులు మన ప్రేమ కథల్లో ఏ పాత్ర పోషిస్తారో, ఇక్కడ విశ్వవిద్యాలయం ఆ పాత్ర పోషిస్తుంది. ప్రేమకి అడ్డొచ్చే ముసలి కంచె. ఎలిజబెత్‌కి తర్వాతి సెమిస్టర్లు ఉన్నాయి, ఆ విభాగంలో ఆమె తిరగాల్సిన వరండాలు ఉన్నాయి, ఒక ఉత్తరం కావాల్సివస్తే ఎవరిని అడగాలి అన్నది ఉంది. అవేవీ ఆ ఫ్లాట్‌లోకి రాలేదు.

ఆమె తండ్రిగా బ్రూస్ విల్లిస్ వస్తాడు. ఈ విషయం బయటపెట్టి నీ ఉద్యోగం తీయిస్తానని రాస్‌ని బెదిరిస్తాడు. రాస్ ఆయన అద్దం ముందు నిలబడి తనని తాను పొగుడుకుంటూ పాడుకోవడం చూస్తాడు, అది నలుగురికీ చెప్తానని ఎదురు బెదిరిస్తాడు. ఇద్దరి బెదిరింపులూ సరితూగుతాయి, రాజీ కుదురుతుంది. ఆ బేరంలో మూడో మనిషి లేదు. ఒక అమ్మాయి ఎవరితో ఉండాలో ఇద్దరు మగవాళ్ళు తమ పరువుల్ని తూకం వేసుకుని తేల్చారు. ఈ సన్నివేశం న్యూయార్క్‌లోదో, మా ఊరి అరుగు మీదిదో ఒక్క క్షణం నాకు తెలియలేదు. ఆ పాత్రకి బ్రూస్ విల్లిస్‌కి ఆ ఏడాది ఎమ్మీ బహుమతి వచ్చింది. బాగానే చేశాడు మరి.

ముగింపు చూడండి. ఎలిజబెత్ నీళ్ళ బెలూన్లు విసిరే చిలిపి పిల్లగా కనిపిస్తుంది. ఈమెతో నాకు భవిష్యత్తు లేదు, మరీ చిన్నపిల్ల అని రాస్‌కి అప్పుడు జ్ఞానోదయమవుతుంది. ఏ లేతదనం కోసం చేరాడో అదే నేరమైంది. శిక్ష ఆమెకి.

సిమోన్ ద బువా 1959లో బ్రిజిత్ బార్దో మీద రాసిన వ్యాసంలో ఒక సంగతి పట్టుకుంది. స్త్రీలు పనిలో, చదువులో, వీధిలో పురుషుడి ప్రపంచంలోకి వచ్చేశాక, కోరికకి కావలసిన దూరాన్ని అతను మళ్ళీ ఎక్కడ సంపాదించుకోవాలి? వయసులో సంపాదించుకుంటాడు అంటుందామె. పెద్దయిన స్త్రీ అతని లోకంలోనే ఉంది, బాలిక లాంటి స్త్రీ మాత్రం ఇంకో లోకంలో ఉంది. రాస్ కథకి ఇది అచ్చంగా అతుకుతుంది. అతని చుట్టూ ఉన్న స్త్రీలు తమ పనుల్లో ఎదుగుతున్నవాళ్ళు, అతని గొప్పల్ని ముఖం మీదే వెక్కిరించేవాళ్ళు. తన పాఠానికి ముగ్ధురాలయ్యే మనిషి అతనికి క్లాసులో తప్ప ఇంకెక్కడ దొరుకుతుంది?

ఇక్కడికి వచ్చేసరికి నాలోని స్త్రీవాది నన్నే నిలదీస్తుంది. ఎలిజబెత్ మైనరు కాదు. ముందడుగు వేసింది కూడా ఆమే. తన ఇష్టం తను చెప్పింది. ఆమెకి ఏం కావాలో ఆమెకి తెలియదు అనడానికి నేనెవరిని? ఆ మాటని మన ఆడపిల్లల మీద ఎవరు, ఎలా వాడుతున్నారో మనకి తెలియనిది కాదు. వేరే కులం వాణ్ణి పెళ్ళి చేసుకుని పోలీసు స్టేషన్‌లో నిలబడ్డ మేజరు అమ్మాయి గురించి తండ్రి చెప్పేది అదే: చిన్నపిల్ల, తెలియక చేసింది. స్త్రీ మాట చెల్లుతుందని ఇన్నేళ్ళుగా పోరాడుతున్నవాళ్ళం. మనకి నచ్చని చోట ఆ మాట చెల్లదు అంటే, నేలని మనమే తవ్వి వాళ్ళ చేతికి ఇచ్చినట్టు. జేన్ గాలప్ 1997లో తన మీద వచ్చిన లైంగిక వేధింపుల ఆరోపణ గురించి రాసిన పుస్తకంలో ఈ కోణాన్నే పట్టుకుని, ఇలాంటి నిషేధాలు విద్యార్థినుల్ని ఇష్టాయిష్టాలు లేనివాళ్ళుగా చూస్తాయని వాదించింది. ఆమెతో నేను ఏకీభవించను గానీ, ఆ పోటుని తప్పించుకు పోలేం.

చాలాకాలం ఈ ముడి నాకు విడలేదు. రెండు ప్రశ్నల్ని ఒకటిగా కలిపేయడం వల్ల విడలేదనుకుంటాను. ఆమె ఒప్పుకోవడం చెల్లుతుందా అన్నది ఒక ప్రశ్న. అతను ఆ సంబంధంలోకి అడుగు పెట్టడం సరైనదేనా అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి అవును అని చెప్తూనే రెండోదానికి కాదు అని చెప్పొచ్చు. అతన్ని తప్పుపట్టడానికి ఆమెని చిన్నపిల్లని చేయనవసరం లేదు. డాక్టరు దగ్గరకి వచ్చిన రోగి వయసు యాభై కావొచ్చు, మహా తెలివైనది కావొచ్చు, డాక్టరుకి ఉన్న కట్టుబాటు దాంతో తగ్గదు. అది ఆమె బలహీనతలోంచి పుట్టలేదు, అతను కూర్చున్న కుర్చీలోంచి పుట్టింది. (నిజమే, రిచర్డ్ దగ్గర మోనికా కళ్ళు చూపించుకున్న సంగతి కూడా ఉంది. ఆ ఇష్టుడైన రిచర్డ్‌ని నేను కాస్త సులువుగా వదిలానని మీరంటే కాదనను.) అమియా శ్రీనివాసన్ 2021లో వచ్చిన తన పుస్తకంలో ఇంకొంచెం ముందుకి వెళ్ళి, విద్యార్థిని మోహాన్ని గురువు చదువు వైపు మళ్ళించాలి, తనవైపు తిప్పుకోవడం బోధనలోనే వైఫల్యం అంటుంది. హార్వర్డ్‌లో కళలు, శాస్త్రాల అధ్యాపక విభాగం డిగ్రీ విద్యార్థులతో అధ్యాపకుల ప్రేమ సంబంధాల్ని పూర్తిగా నిషేధించింది 2015లో. రాస్ కథ వచ్చిన పదిహేనేళ్ళకి. మన దగ్గర 2017లో అధ్యాపకుల పేర్లతో ఒక జాబితా ఫేస్‌బుక్‌లో వచ్చినప్పుడు స్త్రీవాదులే రెండుగా చీలారు. విచారణ లేకుండా పేర్లు పెట్టడం సరికాదని కొందరు, విచారణ సంఘాలు ఎవరి చేతుల్లో ఉన్నాయో చూడండని ఇంకొందరు. ఆ గొడవలో కూడా ఎక్కువగా వినిపించింది ఆమె ఒప్పుకుందా లేదా అన్న ప్రశ్నే. అతని కుర్చీ గురించి తక్కువ విన్నాను.

పరిశోధన చేసే రోజుల్లో నాతో పాటు హాస్టల్లో ఉన్న ఒకామె తన గైడుని పెళ్ళి చేసుకుంది. ఆయనకి ఆమెకంటే పద్దెనిమిదేళ్ళు ఎక్కువ. బలవంతం ఏమీ లేదు, ఆమె ఇష్టపడే చేసుకుంది, వాళ్ళిద్దరూ బాగానే ఉన్నారు. మా అందరిలోకీ బాగా చదివేది ఆమే. ఆర్కైవులో దుమ్ము పీలుస్తూ రెండేళ్ళు కూర్చుని రాసిన థీసిస్. అది సమర్పించిన రోజునుంచీ కారిడార్లో ఒకటే మాట: ఆయనే రాసిచ్చి ఉంటాడు. ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్తే మీ సారు బాగున్నారా అన్నది మొదటి ప్రశ్న. ఆమె ప్రచురించిన ప్రతి వ్యాసం కిందా కనిపించని ఇంకో సంతకం ఉన్నట్టు చదివారు. ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. ఆయనకి తర్వాత పదోన్నతి కూడా వచ్చింది. ఆమె ఇప్పుడు ఒక స్కూల్లో పాఠాలు చెప్తోంది. ఈ మధ్య కలిసినప్పుడు అడిగాను, నీకెప్పుడైనా కోపం వచ్చిందా అని. ఆయన మీద రాలేదు, ఆయన నాకంటే ముందు ఆలోచించి ఉండాల్సింది అని మాత్రం అనిపిస్తుంది అంది. నేను ప్రేమించాను, లెక్క వేయలేదు. ఆయన లెక్క వేయాల్సిన చోట ఉన్నారు.

ఆమె మాటల తర్వాత 'ఛీర్స్' మొదటి ఎపిసోడ్ నాకు వేరేగా కనిపించింది. 1982 సెప్టెంబరు 30న వచ్చింది. బోస్టన్‌లో ఒక బార్. సమ్నర్ స్లోన్ అనే సాహిత్య ప్రొఫెసర్, తనకంటే బాగా చిన్నదైన డయాన్‌తో లోపలికి వస్తాడు. ఆమె అతని దగ్గరే టీచింగ్ అసిస్టెంటు. పెళ్ళి చేసుకోబోతున్నారు. మాజీ భార్య దగ్గరున్న ఉంగరం తెస్తాను, ఇక్కడే కూర్చో అని వెళ్తాడు. తిరిగి రాడు. ఆ మాజీ భార్యతోనే వెళ్ళిపోతాడు. డయాన్ రాత్రంతా ఆ బార్‌లో తెలియని మగవాళ్ళ మధ్య కూర్చుని ఎదురుచూస్తుంది. ప్రేక్షకులు నవ్వుతూనే ఉంటారు, ఎందుకంటే ఆమె పెద్ద పెద్ద మాటలు మాట్లాడే చదువుకున్న ఆడది, చదువుకున్న ఆడదాన్ని చూసి నవ్వడం ఎక్కడైనా సులువే. తెల్లవారేసరికి ఆమె పోగొట్టుకున్నది వరుణ్ణి మాత్రమే కాదు. విశ్వవిద్యాలయంలో పని అతని కిందే కాబట్టి అక్కడికి వెళ్ళలేదు. అదే బార్‌లో వెయిట్రెస్‌గా చేరుతుంది. పదకొండు సీజన్లు నడిచిన, అమెరికన్లు తమ గొప్ప సిట్‌కామ్‌లలో ఒకటిగా చెప్పుకునే ఆ కథ మొత్తం, ఒక ప్రొఫెసర్ తన సహాయకురాలిని విడిచిపెట్టడంతో మొదలవుతుంది. అతని ఉద్యోగం సంగతి ఎవరికీ అనుమానం రాలేదు. అతనికి ఏమీ కాలేదు.

మోనికా దగ్గర గుర్తుపెట్టుకోమన్న మాట ఇందుకే. మోనికా రిచర్డ్‌ని వదిలి తన వంటగదికి తిరిగి వెళ్ళగలిగింది. డయాన్‌కి తిరిగి వెళ్ళడానికి విభాగం లేదు. వయసు తేడాలో నా క్లాసు అమ్మాయిలకి జలదరింపు పుట్టించింది ఏళ్ళ సంఖ్య కాదనుకుంటాను. విడిపోయిన మర్నాడు ఉదయం ఎవరు ఎక్కడికి వెళ్తారు అన్నది వాళ్ళకి తెలియకుండానే తెలిసింది.

వెండితెర వెనకో, బుల్లితెర వెనకో ఉన్న అసలు మనుషుల సంగతి కూడా ఒక మాట చెప్పాలి. 1998లో మొదలైన 'దట్ సెవెంటీస్ షో'లో మీలా కూనిస్ చేరేటప్పటికి ఆమెకి పద్నాలుగేళ్ళు. తనకి పద్దెనిమిది నిండబోతున్నట్టు చెప్పి చేరింది, ఎప్పుడు నిండుతాయో చెప్పలేదంతే. తెర మీద ఆమె ప్రియుడిగా వేసిన ఆష్టన్ కుచర్‌కి ఇరవై. తన జీవితంలో మొదటి ముద్దు ఆ సెట్‌లో, కెమెరాల ముందు, అతనితోనే అని ఆమే ఇంటర్వ్యూల్లో చెప్పింది. 2015లో వాళ్ళు పెళ్ళి చేసుకున్నారు. అప్పటినుంచి ఆ పాత సంగతి చెప్పినప్పుడల్లా అందరూ ముచ్చటపడతారు. పెళ్ళి అయింది కదా, ఇక ఏమిటి? పద్నాలుగేళ్ళ పిల్ల పనిచేసే చోట ఆ దృశ్యం రాసిన పెద్దవాళ్ళు ఎవరు అన్న ప్రశ్నని ఆ పెళ్ళి మింగేసింది. వెనక్కి పనిచేసే నవ్వు అన్నమాట ఇది.

డయాన్ కథకి ఇంకో ముక్క ఉంది. 1987 మేలో ఆమె ఆ సీరియల్ వదిలి వెళ్ళిపోతుంది. ఈలోపు బార్ యజమాని శామ్‌తో పెళ్ళి దాకా వచ్చింది. సరిగ్గా ఆ వేళకి సమ్నర్ తలుపు తోసుకుని వస్తాడు. ఆమె రాసినది తనకి తెలిసినవాళ్ళకి చూపించాడట, అచ్చయ్యే అవకాశం ఉందట. డయాన్ పెళ్ళి ఆపి నవల పూర్తి చేయడానికి వెళ్తుంది. అయిదేళ్ళ కిందట ఆమె చదువుకి తలుపు మూసినవాడే రాతకి తలుపు తెరుస్తున్నాడు. తాళంచెవి ఎప్పుడూ అతని జేబులోనే ఎందుకుంది అని ఆ బార్‌లో ఎవరూ అనుకోరు. శామ్‌తో వీడ్కోలు దగ్గర అందరికీ కళ్ళు చెమరుస్తాయి, నాకు కూడా.

1993 మేలో, ఆఖరి ఎపిసోడ్‌కి డయాన్ తిరిగి వస్తుంది. ఆరేళ్ళయింది. ఆమె టీవీకి రాసిన కథకి బహుమతి వచ్చింది. ఆ బార్‌లో వాళ్ళంతా మళ్ళీ ఆమెని ఆటపట్టిస్తారు, ఆమె మళ్ళీ పొడుగాటి వాక్యాలు మాట్లాడుతుంది. సమ్నర్ ఈసారి రాడు. ఆమె రాసినవాటిలో, ఉంగరం కోసం వెళ్ళి తిరిగిరాని మనిషి ఒకడు ఉన్నాడో లేడో, ఉంటే ఆ సన్నివేశంలో నవ్వు ఎక్కడ పెట్టిందో, నాకు చదవాలని ఉంది.